మాలకొండయ్య రాడు

గుండ్లకమ్మ పొంగి కంభం దగ్గర రోడ్డు తెగిపోయింది కదా, ఆ వరద తరువాతి ఏడు జరిగిన కథ ఇది. కార్తీకమాసం.

ముందు ఒక మనిషి చచ్చిపోయాడు.

పేరు వంశీ. ఇంజనీరు. పెద్దదోర్నాల పైన, నల్లమల అంచున ఉన్న ఎర్రవాగు రిజర్వాయర్ గేట్లకు కంప్యూటర్ బిగించింది అతనే. వంశీకి ఒక అలవాటు ఉంది. మార్కాపురంలో టీ తాగేటప్పుడు ఫోన్ వస్తే, లేచి వెళ్ళి పక్కనున్న ఇనుప స్తంభం మీద చెయ్యి ఆనించి మాట్లాడతాడు. ఆ రోజూ ఫోన్ వచ్చింది. లేచి వెళ్ళాడు. చెయ్యి ఆనించాడు. ఆ రోజు స్తంభానికి కరెంటు ఉంది.

ఎవరూ కాల్చలేదు. ఎవరూ పొడవలేదు. ఫోన్ చేసింది ఎవరో రాంగ్ నంబర్.

"ఇది మర్డర్," అంది చీఫ్ హేమలత.

ఆమె టేబుల్ ముందు మాలకొండయ్య నిలబడి ఉన్నాడు. సొంతూరు వెలిగండ్ల పక్కన. ఆఫీసులో ఎం.కె. అంటారు. కోడ్ నేమ్ పలక. తుడిస్తే ఆనవాలు మిగలదని పెట్టారు.

"ముఠా పేరు హారిజన్. బయటి దేశం వాళ్ళు. వాళ్ళ దగ్గర ఒక మెషిన్ ఉంది. మనిషి ఫోన్ చూసి, ఆ మనిషి తరువాత ఏం చేస్తాడో చెబుతుంది."

"జోస్యమా మేడమ్?"

"లెక్క. ఎక్కడికి పోతాడు, ఎవరితో మాట్లాడతాడు, ఎక్కడ ఆగుతాడు, అన్నీ కలిపి లెక్క. మనుషుల గురించే కాదు, యంత్రాల గురించి కూడా చెబుతుంది. యంత్రం ఇంకా సులువు. దానికి మొండితనం ఉండదు."

"మావైపే ఎందుకు?"

"అక్కడ ఏం జరిగినా పేపర్లో లోపలి పేజీలో వేస్తారు. ట్రయల్‌కు మంచి చోటు."

సొంతూరి వార్తలు మాలకొండయ్య ఎప్పుడూ లోపలి పేజీలోనే చదివాడు. అది నిజమే.

"శుక్రవారం డెమో. కొనేవాళ్ళు శాటిలైట్‌లో చూస్తుంటారు. బాంబు లేకుండా, డ్యామ్ దగ్గరికి మనిషి పోకుండా గేట్లన్నీ ఎత్తించి చూపిస్తారట. కింద వాగు దాటడానికి నేలమట్టం చప్టా ఉంది. పత్తి తీసే ఆడకూలీలు సాయంత్రం ఆటోల్లో ఆ చప్టా మీదే ఇళ్ళకు పోతారు. నీళ్ళు వస్తే ఒక్కరు కూడా దక్కరు."

"పోలీసులను పెట్టండి."

"పోలీసులు కదిలితే మెషిన్‌కు తెలుస్తుంది. రోజు మారుస్తారు. నువ్వొక్కడివే వెళ్ళాలి. లోపల మన మనిషి ఉంది. జాహ్నవి."

"ఎవరి మనిషి?"

"మన మనిషి. వాళ్ళ జీతం కూడా తీసుకుంటుంది. నమ్మడమా మానడమా నీ ఇష్టం."

"నమ్మను," అన్నాడు మాలకొండయ్య.

సర్వీసులో అతను ఎవరినీ నమ్మలేదు. అందుకే ఇంకా సర్వీసులో ఉన్నాడు.

* * *

అతని వేషం పాత ఫోన్లు కొనేవాడిది. ఒక మోపెడ్, దాని వెనక టబ్బులు, బకెట్లు, మగ్గులు. ముందు మైకు. "పాడైపోయిన సెల్‌ఫోన్లు కొంటాం, పగిలిపోయిన సెల్‌ఫోన్లు కొంటాం" అని రికార్డు తిరుగుతూ ఉంటుంది. మైకు డబ్బాలో ట్రాన్స్‌మిటర్. కళ్ళజోడులో కెమెరా. జేబులో పెన్ను నొక్కితే చుట్టుపక్కల సిగ్నల్స్ ఆగిపోతాయి.

ముందు చప్టా చూడటానికి వెళ్ళాడు. రిజర్వాయర్ నిండుగా ఉంది. వాగు మాత్రం చీలమండ లోతు పారుతోంది. మళ్ళీ వాన రాకముందే పత్తి ఇంటికి చేరాలని ఊరంతా చేలల్లోనే ఉంది. చప్టా పక్కన ఆడవాళ్ళు సద్ది విప్పుకొని కూర్చున్నారు. కూలీలను కూడగట్టే చెంచమ్మ అతన్ని పిలిచింది.

"ఏమయ్యో టబ్బులాయనా, ఈ ఫోనుకు ఏమిస్తావు?"

"ఎవరిదక్కా ఇది?"

"మా ఆయన పేరు మీద ఉంది. కొనిచ్చినోడు మా అల్లుడు. మాట్లాడేది నేను. పాటలినేది నా మనవరాలు. ఇంకేమన్నా చెప్పాల్నా? పోలీసోని మాదిరి అడుగుతావేంది?"

ఆడవాళ్ళు నవ్వారు.

"మగ్గిస్తా."

"మగ్గా! ఆ మగ్గుతో నువ్వే మొగం కడుక్కో పో. టబ్బియ్యి."

"టబ్బు రాదక్కా."

"అయితే ఫోనూ రాదు. పోతా పోతా ఆ మైకు ఆపు. చెవులు పోతున్నాయి."

మైకు ఆపి వెళ్ళాడు. ఆమె చెప్పిన దాని గురించి అతను మళ్ళీ ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

* * *

మార్కాపురం అవతల ఒక పలకల ఫ్యాక్టరీ. ఎప్పుడో మూతపడింది. మార్టిన్ అనే విదేశీ వ్యాపారి పలకరాయి ఎగుమతి చేస్తానని దాన్ని అద్దెకు తీసుకున్నాడు. రాయి కోసే మిషన్ ఒక్కరోజు కూడా తిరగలేదు. వెనక షెడ్డులో జనరేటర్ మాత్రం తిరుగుతూనే ఉంది.

మోపెడ్ గేటు ముందు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర చీర, ఎత్తు చెప్పులు. ఆ దుమ్ములో జాహ్నవి ఎవరో తీసిన సినిమా పోస్టరులాగ నడిచి వచ్చింది. చేతిలో పగిలిన ఫోన్.

"పలక మీద గీత పడింది," అంది.

"తుడిస్తే పోతుంది," అన్నాడు.

కోడ్ సరిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తున్నాడు. ఆమె ఒక మగ్గు తీసి అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా చెప్పింది.

"రేపు గేట్ల కాడికి పోవద్దు. ఇక్కడికి రా. దొంగ నీటిమట్టం పంపే వైరు వెనక షెడ్డులో ఉంది. సాయంత్రం ఇక్కడినుంచి పంపుతారు. రిజర్వాయర్ పొర్లిపోతోందనుకొని కంప్యూటరు గేట్లన్నీ ఎత్తేస్తుంది."

"అక్కడ ఆపరేటర్ ఉంటాడు కదా?"

"ఉండడు. పిచ్చయ్య అని. శుక్రవారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకిందాక చర్చిలో ఉపవాస ప్రార్థనలో ఉంటాడు. ఫోను చెప్తా ఉంది కదా. ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. అందుకే శుక్రవారం పెట్టినారు."

"నా సంగతి ఏం చెప్పింది మీ మెషిన్?"

జాహ్నవి కళ్ళద్దాలు తీసింది. కళ్ళు అలిసిపోయి ఉన్నాయి.

"నా మాట నమ్మవని చెప్పింది. నేను రమ్మన్న చోటికి రావని, గేట్ల కాడికే పోతావని చెప్పింది. అందుకే అడుగుతున్నా. ఒక్కసారి దాని మాట తప్పు చెయ్యి."

"నువ్వు వాళ్ళ మనిషివైనా ఇదే చెబుతావు."

"అవును. ఇదే చెప్తా." ఆమె కొంచెం నవ్వింది. "నా ఒక్కదానితో అయ్యే పని కాదు. ఒకరు తలుపు కాడ మార్టిన్‌ను ఆపాల. ఒకరు వైరు పీకాల. ఎదురు చూస్తా ఉంటా."

"నీ మాట ఈ వైపు మాట లాగుందే?"

"మాది గిద్దలూరు."

యాస కూడా ట్రైనింగే అనుకున్నాడు మాలకొండయ్య. బాగా నేర్పారనుకున్నాడు.

వాచ్‌మన్ దగ్గరికి వచ్చాడు. జాహ్నవి గొంతు పెంచింది. "ఇంత ఫోనుకు ఇంత మగ్గేనా? అన్యాయం కదయ్యా!"

పచ్చ మగ్గు తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

శుక్రవారం. మాలకొండయ్య గేట్ల దగ్గరికే బయలుదేరాడు. చెక్‌పోస్టు దాకా మధ్యలో ఎక్కడా ఆగలేదు.

దోర్నాల దాటాక అడవి మొదలయ్యే చోట శ్రీశైలం వెళ్ళే బస్సులు, కార్లు, శివమాల వేసుకొని నడిచే స్వాములు. ఫారెస్టు గార్డు వాణి కర్ర అడ్డం పెట్టింది.

"బండాపు. ఏంది అవి?"

"టబ్బులమ్మా."

"కనపడతానే ఉండాయి. అడవిలోకి ప్లాస్టిక్కు పోనీయం. తెలీదా?"

"శ్రీశైలం పోను తల్లీ. రిజర్వాయర్ కాడికే."

"రిజర్వాయరు ఏమన్నా సముద్రంలో ఉందా? అదీ అడవే. ఇంతకుముందే ఫోనొచ్చింది, మోపెడ్ మీద టబ్బులాయన ఒకడు వస్తాడు, ఆపమని. చెప్పినట్టే వచ్చినావు."

మాలకొండయ్యకు ఆ ఫోన్ ఎవరు చేశారో తెలిసింది. అతను ఏ దారిలో వస్తాడో, ఏ వేషంలో వస్తాడో, ఎవరు ఆపితే ఆగుతాడో మెషిన్ ముందే చెప్పింది.

"టబ్బులు ఇక్కడే పారేసి పోతా."

"పారేస్తావా? అడవిలోనా? నా ముందరే ఆ మాట అంటావా?" తాళంచెవి లాక్కుంది. "బండి సీజు. రేంజరు వచ్చిందాక ఆడ కూర్చో."

నడిచిపోయే స్వామి ఒకాయన అన్నాడు: "స్వామీ, ఎలుగుబంట్లకు బకెట్లెందుకు స్వామీ? వాగులోనే నీళ్ళు పోసుకుంటాయి కదా!"

ఐడీ కార్డు హైదరాబాదులో లాకర్లో ఉంది. చీఫ్ లైను కలవడం లేదు. జేబులో పెన్ను సిగ్నల్స్ ఆపగలదు. వాణిని ఆపలేదు. నడిచి పోతే రిజర్వాయర్ చేరేసరికి చీకటి పడుతుంది. పొద్దు అప్పటికే పడమటికి వాలింది. కింద చేలల్లో ఆడవాళ్ళు పత్తి మూటలు కట్టుకుంటూ ఉంటారు.

చీఫ్ ఇచ్చిన నంబర్లలో పిచ్చయ్యది ఉంది. చర్చిలో ఉంటే బయటికి రప్పించి ఎవరి బండి మీదైనా గేట్ల దగ్గరికి పంపొచ్చు. అదొక్కటే మిగిలింది. చేశాడు.

చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. వెనక పాట వినబడుతోంది. ఆడగొంతు గుసగుసగా పలికింది.

"హలో. ప్రార్థనలో ఉన్నా. ఎవరు?"

"పిచ్చయ్యగారు కావాలమ్మా."

"ఆయన ఈడ లేడు. నేను ఆయన భార్యను, మగ్దలీనమ్మను."

"చర్చికి రాలేదా?"

"ఎవరు, ఆయనా? ప్రభువే దిగొచ్చి చెయ్యి పట్టుకున్నా రాడు. ఆయన మారాలనే కదా నేను శుక్రవారాలు పస్తుండేది."

"మరి ఈ ఫోను ఆయనది కదా?"

"పేరు ఆయనది. బ్యాంకుకు, రేషనుకు కావాలని. జేబులో పెట్టుకోవయ్యా అంటే బరువంటాడు. ఎప్పుడూ నా కాడే ఉంటాది."

ముఠా ఇన్నాళ్ళూ లెక్కగట్టింది పిచ్చయ్యను కాదు. మగ్దలీనమ్మను. చెంచమ్మ ఆ రోజు సద్ది తింటూ చెప్పింది ఇదే.

"మరి ఆయన యాడున్నాడమ్మా ఇప్పుడు?"

"యాడుంటాడు. గేట్ల కాడ గదిలో. నిద్రపోతా ఉంటాడు."

"ఆయన్ని లేపాల. మనుషులు చచ్చిపోతారు తల్లీ. ఎట్లన్నా లేపాల."

"యాడినుంచి లేపుతావు నాయనా? పిలిస్తే లేచే మనిషి కాదు. మా పెండ్లినాడు బ్యాండు మేళం పక్కన్నే పండుకొని నిద్రపోయినాడు. ఉరిమినా లేవడు, పిడుగుపడినా లేవడు."

"దేనికీ లేవడా?"

పాటలో ఒక చరణం అయిపోయింది.

"ఫ్యాను ఆగితే లేస్తాడు," అంది మగ్దలీనమ్మ. "తిట్టుకుంటా లేస్తాడు. బయటికొచ్చి బీడీ ముట్టించి, కరెంటు వచ్చిందాక నీళ్ళ దిక్కు చూస్తా నిలబడతాడు."

"ఖాయమేనా?"

"నేను కాపురం చేసినా నాయనా." ఫోన్ పెట్టేసింది.

మాలకొండయ్య లేచాడు. వాణి వైపు పరుగెత్తాడు. ఈ వైపు మనుషులు ఒక మాట వింటే నువ్వెవరని అడగరు. అది అతనికి మెషిన్ చెప్పలేదు. పుట్టినప్పటినుంచి తెలుసు.

"తల్లీ, రిజర్వాయరు లైను తెగిపడింది! తీగ నీళ్ళలో పడిందంట. చప్టా కాడ ఆడోళ్ళు ఉన్నారు!"

వాణి నిజమా అనలేదు. అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "శీనన్నా! లైన్‌మెన్ శీనన్నేనా? ఎర్రవాగు లైను కొట్టెయ్యి. తెగిపడిందంట. ముందు కొట్టెయ్యన్నా, తర్వాత మాట్లాడుదువు!"

చెక్‌పోస్టు గదిలో ఫ్యాను మెల్లగా తిరిగి ఆగిపోయింది.

* * *

గేట్ల దగ్గర గదిలో కూడా ఫ్యాను ఆగింది.

పిచ్చయ్య లేచాడు. కరెంటోళ్ళను, వాళ్ళ అమ్మలను వరసగా తలుచుకున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకొని బయటికి వచ్చి బీడీ ముట్టించాడు. నీళ్ళ వైపు చూశాడు.

కరెంటు లేదు కదా, మరి మోటారు శబ్దం ఏంది?

మొదటి గేటు లేస్తోంది. కంప్యూటరుకు, మోటార్లకు బ్యాటరీలు ఉన్నాయి. తెరకు లేదు. తెర నల్లగా ఉంది. కరెంటు ఉండి ఉంటే తెర మీద దొంగ నీటిమట్టం ఎర్రగా వెలిగేది. పిచ్చయ్య దాన్నే నమ్మేవాడు. తెర చెప్పినట్టు చెయ్యమని పైవాళ్ళు నేర్పారు. ఆ సంగతి మెషిన్‌కు కూడా తెలుసు. తెర చీకటిగా ఉండబట్టి గోడ మీద రంగుతో వేసిన గీతలు చూశాడు. నీళ్ళు ఎర్రగీతకు కిందనే ఉన్నాయి.

"ఎవడు చెప్పినాడే నీకు ఎత్తమని?" అన్నాడు కంప్యూటరును.

రెండో గేటు కదిలింది. పిచ్చయ్య బీడీ ఉమ్మేసి చేతి బ్రేకు మీద పడ్డాడు. అది తుప్పు పట్టి ఉంది. కాలు పెట్టి తన్నాడు. తిరగలేదు. మళ్ళీ తన్నాడు. తిరిగింది. గేట్లు మూలిగి ఆగి, తమ బరువుకే కిందికి దిగాయి.

కింద చప్టా మధ్యలో ఆటో ఉంది. నీళ్ళు ఒక్కసారిగా ఎర్రగా వచ్చి చక్రాలు ముంచాయి. ఆటో పక్కకు జరిగింది. ఆడవాళ్ళు కేకలు వేశారు. అంతలో నీళ్ళు ఎట్లా వచ్చాయో అట్లా తగ్గిపోయాయి. చెంచమ్మ చెప్పు ఒకటి కొట్టుకుపోయింది.

జరిగిన నష్టం అదే. ఇళ్ళకు పోయేసరికి కరెంటు లేదు. మోటార్లు ఆడక బిందెలు నిండలేదు. లైను కొట్టించినవాడిని ఊళ్ళో ఆడవాళ్ళంతా పేరు తెలియకుండానే తిట్టారు.

* * *

తీగ తెగలేదని తెలిసి వాణి అబద్ధం చెప్పాడని కేసు రాయబోయింది. హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చాక తాళంచెవి ఇచ్చింది. టబ్బులు మాత్రం ఇవ్వలేదు.

మాలకొండయ్య మార్కాపురం చేరేసరికి చీకటి పడింది. ఫ్యాక్టరీ గేటు తెరిచి ఉంది. వాచ్‌మన్ లేడు. షెడ్డులో జనరేటర్ ఇంకా తిరుగుతోంది.

జాహ్నవి షెడ్డు గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఎర్ర చీర మీద నెత్తురు వెంటనే కనపడలేదు. ఒక చేతి గోళ్ళు విరిగిపోయాయి. వేళ్ళ మధ్య రాగితీగ ముక్క. వైరు సగం పీకి ఉంది. తలుపు కూడా ఆమే పట్టుకోవాలని చూసింది. రెండు పనులు ఒక్కతే చెయ్యబోయింది. పక్కన పచ్చ మగ్గులో నీళ్ళు సగం ఉన్నాయి.

ఎదురుగా మెషిన్ తెర వెలుగుతోంది. దాని మీద ఒకే ఒక్క ముక్క ఉంది. మాలకొండయ్య రాడు.

లోకల్ కానిస్టేబుల్ వచ్చి, చూసి టోపీ తీశాడు. "అయ్యో. మా విజయమ్మ టీచర్ కూతురు కదా సార్ ఈ పిల్ల. గిద్దలూరులో మా పక్కవీధే."

మాలకొండయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కెమెరా ఇంకా తిరుగుతోంది. ఆపలేదు.

చీఫ్ ఫోన్ చేసింది. "గుడ్ వర్క్, ఎం.కె. మార్టిన్‌ను చెన్నై దారిలో పట్టుకున్నారు. డెమో ఫెయిల్. కొనేవాళ్ళు వెనక్కు పోయారు."

"మెషిన్?"

"మనం ఉంచుకుంటున్నాం. మార్టిన్ పాస్‌వర్డ్ ఇచ్చాడు, ఇక్కడినుంచే చూస్తున్నాం. మంచి మెషిన్. ఒక్క చోటే తప్పింది, ఆ పిచ్చయ్య దగ్గర. సరిచేయిస్తాం. ఇకమీదట ఇంట్లో ఎవరి ఫోన్ ఎవరు వాడుతున్నారో కూడా చూస్తుంది."

"పిచ్చయ్యకు ఏమన్నా ఇస్తారా?"

"సస్పెండ్ చేశారట. డ్యూటీలో నిద్రపోయాడని. కంప్యూటర్ ఆర్డర్ లేకుండా గేటు ఆపాడని."

"నా దగ్గర తప్పిందా మేడమ్?"

"లేదు. నీ దగ్గర తప్పలేదు."

"రేపు నేను ఏం చేస్తానంటోంది?"

"పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కి ఆఫీసుకు వచ్చి రిపోర్ట్ ఇస్తావంటోంది. రా మరి."

* * *

మర్నాడు పొద్దున అతను చప్టా దగ్గరికి వెళ్ళాడు. చెంచమ్మ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మొగుడి చెప్పు వేసుకొని ఆటో కోసం నిలబడి ఉంది. తన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏంది, ఇయ్యాల నువ్వే ఫోనిస్తున్నావు?" అంది చెంచమ్మ. "టబ్బు నేనియ్యాల్నా?"

"ఏమీ వద్దక్కా. ఎప్పుడూ నీ కాడనే పెట్టుకో."

"పాటలొస్తాయా?"

"వస్తాయి."

"పిచ్చి పట్టినట్టుంది టబ్బులాయనకు," అని ఆమె పక్కనున్న వాళ్ళకు చెప్పి ఫోన్ రొంటిన దోపుకుంది.

అక్కడినుంచి మార్కాపురం వచ్చాడు. హైదరాబాదు బస్సు ఎక్కలేదు. గిద్దలూరు బస్సు ఎక్కాడు. విజయమ్మ టీచర్ ఇల్లు ఎక్కడో కండక్టర్‌ను అడిగి తెలుసుకున్నాడు. అక్కడికి పోయి ఏం చెప్పాలో అతనికి తెలియదు. ఈసారి రమ్మని ఎవరూ పిలవలేదు.

ఏజెంట్ పలక ఎర్రవాగు కింద పత్తి తీస్తున్నాడని, మధ్యమధ్య నడుము పట్టుకొని అల్లుడిని తిడుతున్నాడని మధ్యాహ్నానికి ఆఫీసు మెషిన్ చీఫ్‌కు తెలియజేసింది.